షుగర్ ఒక్కరికి, మెలకువ ఇల్లంతటికీ

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా నీలం నగర్‌లో జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాను. ఇరవై ఆరేళ్ళుగా బీడీలు చుడుతున్నదాన్ని. "ఇంట్లో షుగర్ ఉన్న పెద్దోళ్ళను చూసుకునేటోళ్ళ గురించి ఎవరన్న మాట్లాడాలె, నువ్వే మాట్లాడు చెల్లె" అని మన సమాఖ్యవాళ్ళు అడిగితే రెండు రోజులు ఆలోచించాను. షుగర్ గురించి డాక్టర్లు చాలా చెప్తారు. ఏం తినాలి, ఏం తినొద్దు, ఎంత నడవాలి అన్నీ చెప్తారు. కానీ షుగర్ ఉన్న మనిషి పక్కన ఉండేవాళ్ళ మనసు ఎట్లా ఉంటుందో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. అందుకే ఒప్పుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

నీలం నగర్‌లో పొద్దున లేస్తే మనకు మొదట వినపడేది సాంచాల చప్పుడు. మన తాతముత్తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. చేతిమగ్గం, మిల్లు, ఆ తర్వాత మరమగ్గం. మనవాళ్ళు అన్నిటి మీదా పనిచేశారు. షోలాపూర్ చద్దరు, షోలాపూర్ టవలు అంటే దేశమంతా తెలుసు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు తెచ్చినవాళ్ళు ఇవాళ మన ఇళ్ళల్లో మంచాల మీద కూర్చుని ఉన్నారు. ఒకరికి చూపు మసక. ఒకరికి కాళ్ళు తిమ్మిరి. ఒకరికి డబ్బా నిండా మాత్రలు.

సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళను మాజీ సైనికులు అంటాం. వాళ్ళకు పింఛను ఉంది. 2003 నుంచి వైద్యానికి వేరే పథకం కూడా ఉంది. అది న్యాయమే, దేశానికి కాపలా కాసినవాళ్ళు. మరి నలభై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడి దేశానికి బట్ట నేసినవాళ్ళను ఏమంటాం? వాళ్ళకు ఏ పేరూ లేదు. చాలామందికి కొడుకే పింఛను, కోడలే దవాఖానా.

నేను అట్లాంటి కోడలిని.

మా మామ నలభై ఒక్క ఏళ్ళు సాంచాలు నడిపారు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. రాత్రి నిద్ర రాకుండా చాయ మీద చాయ. తినే వేళకు తినేది లేదు. పోగు తెగితే ముందు పోగు అతకాలి, అన్నం తర్వాత. యాభై ఎనిమిదో ఏట మనిషి సన్నబడ్డారు. రాత్రి నాలుగైదు సార్లు లేచేవారు. పరీక్ష చేయిస్తే షుగర్ మూడు వందలు దాటి ఉంది. "నాకేం రోగం? పని బంద్ చేస్తే రోగమొస్తది" అన్నారాయన. ఇంటికొచ్చాక చీటీ నా చేతిలో పెట్టి పడుకున్నారు. ఆ చీటీ ఆ రోజు నా చేతికి వచ్చింది, పదకొండేళ్ళయింది, ఇంకా నా చేతిలోనే ఉంది.

మొదటి రోజు భయం. రెండో రోజు నుంచి పని. పరగడుపున ఒక మాత్ర, తిన్నాక ఒక మాత్ర. తెల్లన్నం తగ్గించి జొన్న రొట్టె. అందరికీ ఒక చాయ, ఆయనకు చక్కెర లేని చాయ. పిల్లల డబ్బాలు, మా ఆయన డబ్బా అయ్యాక, ఆయన తినేదాకా నేను చాట ముందర పెట్టుకుని కూర్చోలేను. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని ఆరు వందలకు దిగాను. పగారులో ఆ నాలుగు వందల బీడీలు తగ్గినట్టు అందరికీ తెలుసు. అవి ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. అది చలికాలం. సాయంత్రం తండ్రీకొడుకులకు ఏదో మాటా మాటా వచ్చింది. మామ మాత్ర వేసుకుని, అన్నం తినకుండా అలిగి పడుకున్నారు. రాత్రి రెండు గంటలకు ఏవో మాటలు వినిపిస్తే లేచాను. ఆ చలిలో ఆయన బనీను చెమటతో తడిసి ఉంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తు పట్టలేదు. "కండె అయిపోయింది, కండె మార్చు... పోగు తెగింది, సాంచా ఆపు..." అంటున్నారు. కార్ఖానా మానేసి అప్పటికే నాలుగేళ్ళు.

మా పాప అప్పుడు నర్సింగులో చేరి ఏడాది. "అమ్మా, షుగర్ పడిపోయింది, చక్కెర పెట్టు" అని అరిచింది. చక్కెర డబ్బా చేతిలోకి తీసుకున్నాను కానీ నా చెయ్యి ఆగింది. ఏళ్ళ తరబడి ఏ చక్కెరను ఆయనకు అందకుండా దాచానో, ఆ చక్కెర నా చేత్తో ఎట్లా పెట్టను? పాప లాక్కుని మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది. మిషను మీద చూస్తే యాభై రెండు. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూశాం, పెరిగింది. ఒక రొట్టె తినిపించాం. "ఏమైంది బిడ్డా, అందరు లేచిన్రు?" అన్నారాయన. ఆయనకు ఏమీ గుర్తు లేదు. నాకు మాత్రం ఇప్పటికీ అంతా గుర్తే.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మాట నాకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి చెయ్యి ఆగేది కాదు. షుగర్ డెబ్భైకి తగ్గితే అది ప్రమాదం. ఇన్సులిను తీసుకునేవాళ్ళకు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళకు తిండి తప్పితే ఇది జరుగుతుంది. చెమట, వణుకు, ఆకలి, తికమక మాటలు దాని గుర్తులు. మనిషి మింగగలిగితే వెంటనే చక్కెరో గ్లూకోజో ఇవ్వాలి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి. మీ ఇంట్లో వేసే మాత్ర అట్లాంటిదేనా అని డాక్టరుని ఒక్కసారి అడిగి తెలుసుకోండి.

ఆ తర్వాత ఏడాది పాటు రాత్రి రెండింటికి నాకు దానంతట అదే మెలకువ వచ్చేది. చీకట్లో పోయి ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి, చెమట లేదని చూసి వచ్చి పడుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారనుకున్నాను. మొన్న మా పాప ఒక సంగతి చదివి చెప్పింది. 'డాన్-2' అని 2013లో ఒక పెద్ద అధ్యయనం బయటికొచ్చిందట. మన దేశంతో కలిపి 17 దేశాల్లో, షుగర్ ఉన్నవాళ్ళతో పాటు వాళ్ళ ఇంటివాళ్ళను కూడా రెండు వేల మందికి పైగా అడిగారట. నూటికి 61 మంది, మావాళ్ళకు షుగర్ పడిపోతుందేమోనని ఆందోళనగా ఉంటుందన్నారు. నూటికి 35 మంది ఇది మాకు భారంగా ఉందని ఒప్పుకున్నారు. నూటికి 37 మంది ఎట్లా సాయం చేయాలో మాకు తెలియదన్నారు. అది విని నాకు ఏడుపొచ్చింది. అంటే రాత్రి రెండింటికి లేచేది నేనొక్కదాన్నే కాదు. ఎక్కడో తెలియని దేశంలో కూడా ఒక కోడలో, ఒక భార్యో, ఒక కొడుకో లేచి నుదురు పట్టుకుని చూస్తున్నారు.

భయం గురించి చెప్పాను. ఇప్పుడు కోపం గురించి చెప్తాను. ఇది చెప్పడానికే కష్టం.

మూడేళ్ళ కింద మామ కాలికి కొత్త చెప్పు కరిచింది. ఆయనకు తెలియలేదు. షుగరుతో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు. జీవితమంతా కార్ఖానాలో ఒట్టి కాళ్ళతో నిలబడ్డ మనిషి, చెప్పులే అలవాటు లేదు. నాలుగు రోజుల తర్వాత గచ్చు మీద తడి మరక చూసి నేను కాలు ఎత్తి చూశాను. వేలు నల్లబడి ఉంది. దవాఖానాలో పదమూడు రోజులున్నాం. ఒక వేలు తీసేశారు.

చూడ్డానికి వచ్చిన మా ఆడబిడ్డ అందరి ముందర, "ఇంట్లనే ఉంటవు గదా వదినె, కాలు చూసుకోవద్దా?" అంది. ఆమె చెడ్డది కాదు. తండ్రి మీద ప్రేమతో అంది. కానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఇంట్లో ఉండే ఐదుగురిలో ఆ కాలు చూడాల్సింది నేనొక్కదాన్నేనా? కన్నకొడుకు చూడకూడదా? రాత్రి దవాఖానా మెట్ల మీద కూర్చుని ఈ ప్రశ్న వేసుకున్నాను. వెంటనే ఇంకో మనసు అంది, "నిజమే కదా, నువ్వు ముందే చూసి ఉంటే ఆ వేలు ఉండేది కదా." ఈ రెండు మాటల మధ్య చాలా రోజులు నలిగాను. అన్నం వండుతుంటే అదే, ఆకు కత్తిరిస్తుంటే అదే. ఒక్కోసారి మాత్రలు ఇస్తూ, "ఈయన లేకపోతే నాకు కొంచెం ఊపిరాడేదేమో" అనిపించింది. అనిపించిన మరుక్షణం చెంపలేసుకున్నాను. పాపం చేశాననుకున్నాను.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఇట్లా అనిపించినవాళ్ళు నా ఒక్కదానితో పోతారని నేను అనుకోను. చేతులెత్తమని అడగను. కానీ చెప్తున్నాను, అది పాపం కాదు. అలసట. అలసిపోయిన మనిషికి వచ్చే ఆలోచన అది. మూటగట్టి లోపల పెట్టుకుంటే అదే మాటల్లో విషమై బయటికొస్తుంది. నాకు అదే జరిగింది.

ఆ ఏడాది రాఖీ పౌర్ణమి. మన మార్కండేయ రథోత్సవం. వీధులన్నీ జనం, ఇంటి నిండా చుట్టాలు. పోలెలు చేశాను. అందరికీ వడ్డించి, మామకు వేరే పళ్ళెంలో జొన్న రొట్టె, కూర పెట్టి ఆయన గదిలో ఇచ్చి వచ్చాను. కాసేపటికి పోయి చూస్తే తువాలు కింద దాచుకుని పోలె తింటున్నారు. ఎన్నో ఏళ్ళది ఒక్కసారి బయటికొచ్చింది. "ఇంకో వేలు కూడా పోగొట్టుకుంటరా? దవాఖానాల చుట్టు తిరుగుడు నాకేమన్న సరదానా?" అని చుట్టాలందరికీ వినపడేటట్టు అరిచాను. ఆయన తింటున్న ముక్క పళ్ళెంలో పెట్టేశారు. డెబ్భై దగ్గరికొచ్చిన మనిషి, చిన్నపిల్లాడిలా నోరు తుడుచుకున్నారు.

సాయంత్రం రథం పోయాక, ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన దగ్గర కూర్చున్నాను. తప్పయింది మామా అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "తీపి కోసం తినలేదు బిడ్డా. అందరు ఒక్కకాడ కూసుండి తింటున్రు. నాకు వేరే పళ్ళెం, వేరే అర్ర. షుగరొచ్చినప్పటిసంది నేను ఇంట్ల మనిషిని కాను, పథ్యం తినే రోగిని. నువ్వు గూడ నన్ను చూసినప్పుడల్లా 'మాత్ర వేసుకున్నరా' అనే అడుగుతవు. 'ఎట్లున్నరు' అని అడిగి ఎన్నేండ్లయిందో యాది చేసుకో."

యాది చేసుకున్నాను. గుర్తు రాలేదు.

ఆ రోజు నేను కూడా చెప్పాను. రాత్రి రెండింటికి లేచి చూస్తున్న సంగతి, మెట్ల మీద కూర్చున్న సంగతి, తగ్గిన నాలుగు వందల బీడీల సంగతి. పక్క గదిలోంచి మా ఆయన విన్నాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు ఇవన్ని తెల్వవు" అన్నాడు. నిజమే, నేను చెప్తే కదా తెలిసేది. నేను చెప్పలేదు, అతను అడగలేదు. ఆ ఇంట్లో ముగ్గురం ఒకరికోసం ఒకరం కష్టపడుతూ, ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా ఏళ్ళు గడిపాం.

తర్వాత ఇంట్లో కొన్ని మార్చాం. పెద్ద పెద్ద మార్పులేం కావు.

ఇప్పుడు రోజూ రాత్రి మామ కాళ్ళు చూసేది మా ఆయన. మడమ, వేళ్ళ సందులు, అరికాలు, ఫోను దీపం పెట్టి చూస్తాడు. మొదట్లో తండ్రికి సిగ్గు, కొడుక్కు సిగ్గు. ఇప్పుడు ఆ పది నిమిషాలే వాళ్ళిద్దరూ మాట్లాడుకునే సమయం. షుగర్ లెక్క రాసేది మామే. ఆ కాలంలో రోజుకు ఎన్ని టవళ్ళు దిగాయో చిన్న పుస్తకంలో రాసుకునేవారు, ఇప్పుడు అట్లాంటి పుస్తకంలోనే తేదీ వేసి షుగర్ రాస్తారు. తెలుగు అంకెలు కూడా గుర్తుంచుకున్న మనిషి. డాక్టరుకి పుస్తకం చూపించేటప్పుడు ఆయన ముఖంలో పాత నేతగాడు కనపడతాడు. పండుగ నాడు అందరికీ ఒకే చోట పళ్ళాలు వేస్తాం. ఆయన పళ్ళెంలోనూ పోలె ఉంటుంది, ఒకటి కాదు, సగం. ఆ పూట అన్నం తగ్గిస్తాం. ఎంతవరకు తినొచ్చో డాక్టరుని అడిగే పెట్టాం. మా ఆడబిడ్డ నెలకు ఒక ఆదివారం తండ్రిని తన ఇంటికి తీసుకుపోతుంది. మొదటిసారి తీసుకుపోయి సాయంత్రం వదిలిపెట్టడానికి వచ్చినప్పుడు, "వదినె, ఒక్క రోజుకే నాకు తల తిరిగింది" అంది. ఆ ఒక్క మాటతో నాలోని ముల్లు ఊడింది.

ఇంకో సంగతి. మామను చూసుకుంటూ నన్ను నేను చూసుకోవడం మరిచిపోయాను. మా పాప పట్టుబట్టి నాకూ పరీక్ష చేయించింది. నా షుగర్ అంచు మీద ఉంది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉంది, మరో 13 కోట్లకు పైగా మంది ఇట్లా అంచు మీద ఉన్నారు. నేను వాళ్ళలో ఒకదాన్ని. పొద్దంతా ఒకే చోట కూర్చుని బీడీలు చుట్టే అక్కలారా, ముప్ఫై దాటినవాళ్ళు ఒకసారి చూపించుకోండి. చూసుకునేవాళ్ళు పడిపోతే చూసుకునేవాళ్ళెవరు?

సభ ముగిసేలోపు మూడు మాటలు.

ఒకటి, ఇంట్లోవాళ్ళకు. పని పంచుకోండి. "నేనున్నాను కదా" అనే మాట కాదు, ఫలానా పని నాది అని తీసుకోండి. మాత్రలు తేవడం ఒకరిది, కాళ్ళు చూడడం ఒకరిది, డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం ఒకరిది. ఊరి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంట్లో చేసే మనిషిని తప్పు పట్టే ముందు, ఆ మనిషిని ఒక పూట పడుకోనివ్వండి.

రెండు, చూసుకునేవాళ్ళకు. డెబ్భై ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబరు చివరి నుంచి. దవాఖానాలో చేరితే ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తుంది. రోజూ వేసే మాత్రలకు అది రాదు, వాటికి జన ఔషధి దుకాణాల్లో ధర తక్కువ. ఇవి డబ్బు సంగతులు. మనసు బరువెక్కి, నిద్ర పట్టక, బతుకు మీద విసుగొచ్చినప్పుడు 14416కి ఫోను చేయండి. టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. ఫోను చేస్తే పిచ్చి అనుకుంటారని భయపడకండి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోతాం కదా, ఇదీ అంతే.

మూడు, మన సమాఖ్యకు. నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఆ రోజు షుగర్ పరీక్షల శిబిరం పెడితే మంచిదే. దాని పక్కనే ఒక చాప వేయండి. చూసుకునేవాళ్ళు కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి. ఉపన్యాసం వద్దు, మైకు వద్దు. నెలకు ఒకసారి ఒక గంట చాలు. నాకు ఆ చాప పదేళ్ళ కిందనే దొరికి ఉంటే, పండుగ నాడు ఆ అరుపు అరిచేదాన్ని కాదేమో.

నేను మారిపోయానని, ఇప్పుడు కోపం రాదని చెప్పను. ఇవాళ పొద్దున ఇక్కడికి వచ్చే తొందరలో కూడా "మాత్ర వేసుకున్నరా?" అని గట్టిగానే అడిగాను. గుమ్మం దాటాక గుర్తొచ్చి, వెనక్కి పోయి, "ఎట్లున్నరు మామా?" అని అడిగాను.

"మంచిగున్న బిడ్డా. మైకు కాడ భయపడకు" అన్నారు.

ఇంటికి పోయాక మీరూ ఒకసారి అడగండి. రోగినీ అడగండి, రోగిని చూసుకునే మనిషినీ అడగండి.

 జై మార్కండేయ!